రికో జీఆర్ 3 సమీక్ష: పత్తర్‌గట్టి కమానుల కింద ఒక జేబు కెమెరా

వీధి ఫొటోలకు పనికొచ్చే కెమెరా ఏది అన్న ప్రశ్న వచ్చినప్పుడు చాలా సమీక్షలు సెన్సర్ పరిమాణం, లెన్స్ పదును, చీకట్లో వచ్చే బొమ్మ నాణ్యత వంటి వాటి దగ్గరే ఆగిపోతాయి. వీధిలో నిలబడి ఫొటో తీసేవారికి అంతకంటే ముందు తేలవలసిన విషయాలు రెండున్నాయి. ఎదురుగా ఉన్న గోడలను, స్తంభాలను, నీడలను, మనుషులను ఒక దీర్ఘచతురస్రంలో పొందికగా కూర్చడానికి ఆ కెమెరా ఎంతవరకు తోడ్పడుతుంది అన్నది మొదటిది. అలా కూర్చిపెట్టుకున్న చోటికి ఒక మనిషి వచ్చి ఉండవలసిన భంగిమలో ఉన్న క్షణాన, ఆలోచన పూర్తికాకముందే వేలు నొక్కితే, అది ఎంత వెంటనే పలుకుతుంది అన్నది రెండోది. మొదటిది జ్యామితికి, రెండోది స్ఫూర్తికి సంబంధించినది. హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ చుట్టుపక్కల రికో జీఆర్ 3ని వాడిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: రెండో పనిలో దీనికి సాటిరాగల చిన్న కెమెరా నాకు తెలియదు, మొదటి పనిలో మాత్రం ఇది భారమంతా వాడేవారి మీదే వేస్తుంది.

1996లో జీఆర్ 1 అనే ఫిల్మ్ కెమెరాతో మొదలైన వరుస ఇది. 2005లో డిజిటల్ రూపం వచ్చింది, 2013లో ఏపీఎస్-సీ పరిమాణం గల పెద్ద సెన్సర్ చేరింది, జీఆర్ 3 అమ్మకానికి వచ్చినది 2019లో. జపాన్ ఫొటోగ్రాఫర్ దైదో మొరియామా ఈ వరుస కెమెరాలను ఏళ్ల తరబడి వాడటం వల్ల కూడా దీనికి వీధి కెమెరా అన్న పేరు స్థిరపడింది. బ్యాటరీ, కార్డు కలుపుకొని బరువు 257 గ్రాములు. వెడల్పు 11 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, కాబట్టి ప్యాంటు జేబులో ఇమిడిపోతుంది. లెన్స్ మార్చడానికి వీల్లేదు, జూమ్ లేదు. ఉన్న 18.3 మిల్లీమీటర్ల లెన్స్ ఫుల్ ఫ్రేమ్ (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ పరిమాణం) లెక్కలో 28 మిల్లీమీటర్లకు సమానం, గరిష్ఠ అపెర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ 2.8 (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), సెన్సర్ 24 మెగాపిక్సెళ్లది. స్విచ్ వేసిన తర్వాత సెకను లోపే ఫొటోకు సిద్ధమవుతుంది. షట్టర్ లెన్స్ లోపలే ఉండటం వల్ల దాని చప్పుడు బజారు రొదలో పక్కనున్నవారికి కూడా వినిపించదు.

ఈ కెమెరాను మిగిలినవాటి నుంచి వేరుచేసేది స్నాప్ ఫోకస్ అనే ఏర్పాటు. మామూలు కెమెరాలో బటన్ సగం నొక్కితే ఫోకస్ వెతుకుతుంది, దొరికాక పూర్తిగా నొక్కాలి. ఆ వెతుకులాట సెకనులో చిన్న భాగమే అయినా, నడిచే మనిషి రెండు కాళ్ల మధ్య ఏర్పడే త్రికోణం అంతలోనే మూసుకుపోతుంది. జీఆర్‌లో ఒక దూరాన్ని, ఉదాహరణకు రెండు మీటర్లని, ముందే నిర్ణయించి పెట్టుకోవచ్చు. బటన్‌ను మధ్యలో ఆపకుండా ఒక్కసారిగా చివరిదాకా నొక్కితే లెన్స్ ఏమీ వెతక్కుండా నేరుగా ఆ దూరానికి వెళ్లి ఫొటో తీస్తుంది. ఎఫ్ 8 దగ్గర రెండు మీటర్లకు పెట్టుకుంటే సుమారు ఒక మీటరు నుంచి ఇరవై మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగానే వస్తుంది. రెండున్నర మీటర్లకు పెట్టుకుంటే దాదాపు 1.2 మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా సరిపోతుంది. అదే ఎఫ్ 2.8కి తెరిస్తే రెండు మీటర్ల దగ్గర స్పష్టత ఒకటిన్నర మీటర్ల నుంచి మూడు మీటర్ల లోపుకే కుదించుకుపోతుంది కాబట్టి, సందుల్లో వెలుతురు తక్కువైనప్పుడు అపెర్చర్ తెరవడం కన్నా వెలుతురుకు కెమెరా స్పందనను నిర్ణయించే ఐఎస్ఓను 3200కి పెంచడమే మేలు. షట్టర్ వేగం సెకనులో 500వ వంతుకు తగ్గకుండా చూసుకుంటే నడిచేవారి పాదాలు కూడా చెదరవు. డయల్ మీద యూ1, యూ2, యూ3 అని మూడు స్థానాలున్నాయి. ఎండకు ఒకటి, నీడకు ఒకటి, రాత్రికి ఒకటి చొప్పున ఈ అమరికలను వాటిలో దాచుకుంటే, బజారులో మెనూలు తెరిచే అవసరం దాదాపుగా ఉండదు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. స్ఫూర్తి అనేది గాలిలోంచి ఊడిపడేది కాదు. ముందే తీసుకోగల నిర్ణయాలన్నీ ముందే తీసుకున్నప్పుడు మిగిలే ఖాళీలోనే అది పనిచేస్తుంది. దూరం, అపెర్చర్, వేగం, నిలబడే చోటు, వెనక ఉండవలసిన గోడ, ఇవన్నీ తేలిపోయాక చివరికి మిగిలేది "ఇప్పుడా, ఇంకాసేపటికా" అన్న ఒకే ఒక్క ప్రశ్న. దానికి జవాబు మెదడు కన్నా ముందు వేలు చెబుతుంది. ఆ వేలికి అడ్డురాకపోవడమే ఈ కెమెరా గొప్పతనం.

ఈ రెండింటి సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే బ్రెసాన్‌ను తలచుకోక తప్పదు. ఆయన చేతికి లైకా కెమెరా రాకముందే, 1927 ప్రాంతంలో, ఆండ్రే లోట్ అనే చిత్రకారుడి దగ్గర చిత్రలేఖనం నేర్చుకున్నాడు. ఆ గురువు కొలతల మీద, అనుపాతాల మీద గట్టి పట్టింపున్నవాడు. 1932లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఇయేర్ పట్టణంలో శిష్యుడు తీసిన ఫొటోలో మెట్లు, ఇనుప కమ్మీ సుడి తిరుగుతూ కిందికి దిగుతాయి, కింద వీధి వంపులో ఒక సైకిలు దూసుకుపోతుంటుంది. ఆ సైకిలును తీసేసి చూసినా మెట్ల అమరిక నిలబడుతుంది. మెట్లను తీసేస్తే మాత్రం సైకిలుకు అర్థముండదు. ఏది ముందు కూర్చుకోవాలో, ఏది చివర్న వచ్చి చేరుతుందో ఆ ఒక్క ఫొటో చాలా పాఠాల కన్నా బాగా చెబుతుంది. జీఆర్ 3ని మొదటిసారి చేతపట్టినవారిలో చాలామంది ఇందుకు విరుద్ధంగా చేస్తారు. కెమెరా వేగంగా ఉంది కదా అని మనిషి కనబడగానే నొక్కుతారు, వెనక ఏముందో ఇంటికొచ్చి చూసుకుంటారు. వేగం ఇచ్చే పరికరంతో వచ్చే ప్రమాదమే ఇది, దాన్ని ఏ మెనూ సరిచేయలేదు.

చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి బజారును ఉదాహరణగా తీసుకుంటాను. గుల్జార్ హౌజ్ నుంచి మదీనా కూడలి వైపు వెళ్లే దారికి రెండువైపులా రాతితో కట్టిన కమానుల వరుసలుంటాయి, వాటి కింద నడవా, లోపల దుకాణాలు. దారి ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది కాబట్టి పొద్దున పూట ఎండ పడమటి వరుస మీద, సాయంత్రం తూర్పు వరుస మీద పడుతుంది. కమాను అంచు నీడ నేల మీద వంపు తిరిగి పరుచుకుంటుంది, స్తంభాల నీడలు దాన్ని అడ్డంగా కోస్తాయి. ఇక్కడ గీతలకు కొదవ లేదు, అవి మరీ ఎక్కువ కావడమే చిక్కు. టోపీల దుకాణం బోర్డు, వేలాడే కరెంటు తీగలు, నిలిపి ఉంచిన స్కూటరు హ్యాండిలు, అన్నీ చోటు కోసం పోటీ పడతాయి. ఒక అడుగు ఎడమకు జరిగితే స్కూటరు స్తంభం వెనక్కి పోతుంది, మోకాళ్లు కాస్త వంచితే తీగలు కమాను చీకట్లో కలిసిపోతాయి. జ్యామితి అని పెద్ద పేరు పెట్టుకున్నా, వీధిలో అది చాలావరకు పాదాలతోనూ మోకాళ్లతోనూ చేసే పని.

28 మిల్లీమీటర్ల లెన్స్ చూసే వెడల్పు ఈ పనిలో లెక్కకు వస్తుంది. కెమెరాను అడ్డంగా పట్టుకుంటే రెండు మీటర్ల దూరంలో అది సుమారు 2.6 మీటర్ల వెడల్పు, 1.7 మీటర్ల ఎత్తు గల ప్రదేశాన్ని పట్టుకుంటుంది. గుండె ఎత్తులో, అంటే నేలకు 1.3 మీటర్ల పైన, కెమెరాను అలాగే అడ్డంగా, పైకీ కిందికీ వాలకుండా ఉంచితే రెండు మీటర్ల దగ్గరున్న మనిషి కాళ్లు మోకాళ్ల దిగువన తెగిపోతాయి. అదే మనిషి మూడు మీటర్ల దగ్గరుంటే పాదాల దగ్గర్నుంచి తలపైన దాదాపు రెండు మూరల ఖాళీ దాకా మొత్తం ఇముడుతుంది. ఈ లెక్క ఒంటికి పట్టిన తర్వాత, నేల మీద ఏ బండ దగ్గరికి మనిషి వచ్చినప్పుడు నొక్కాలో తెర చూడకుండానే తెలుస్తుంది. అయితే కెమెరాను ఏమాత్రం పైకెత్తినా స్తంభాలు లోపలికి వాలిపోతాయి, ఈ లెన్స్‌తో ఆ వాలు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెర మీద చూపించే ఎలక్ట్రానిక్ లెవెల్ ఇక్కడ నిజంగా పనికొచ్చే సదుపాయం. పక్కకు వంగినా, ముందుకో వెనక్కో వాలినా అది చెబుతుంది. దాన్ని నేను ఎప్పుడూ ఆపలేదు.

ఆ నడవాలో ఇరానీ చాయ్ గ్లాసులున్న తీగ బుట్ట పట్టుకుని ఒక కుర్రవాడు దుకాణం నుంచి దుకాణానికి వెళుతుంటాడనుకుందాం. అతను వెలుగు పట్టీలోకి వచ్చేసరికి మోచెయ్యి బయటికి పొడుచుకొని ఉంటుంది, మోచేతికీ నడుముకూ మధ్య చిన్న త్రికోణం ఏర్పడుతుంది, ఆ త్రికోణంలోంచి వెనక నీడ నల్లగా కనబడుతుంది. అతని భుజానికీ స్తంభానికీ మధ్య జానెడు వెలుగు మిగిలి ఉంటే మనిషి విడిగా నిలబడతాడు, అది లేకపోతే స్తంభంలోంచి పుట్టుకొచ్చినట్టు ఉంటాడు. ఈ జానెడు సందు ఎంతసేపో నిలవదు, అతని తరువాతి అడుగుతోనే పోతుంది. స్నాప్ ఫోకస్ ఉన్న కెమెరాతో దాన్ని పట్టుకోవడం ఎక్కువసార్లు సాధ్యమవుతుంది, ఆటోఫోకస్ మీద ఆధారపడితే అది అదృష్టం పాలు.

తెర మీద అడ్డంగా నిలువుగా గీతలు వేసి చూపే గ్రిడ్ సంగతి వేరు. ఫ్రేమ్‌ను మూడేసి భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద ఉంచాలనే మూడో వంతు సూత్రాన్ని పాటించడానికి అది ఉపయోగపడుతుందని చాలామంది దాన్ని పెట్టుకుంటారు. ఆ సూత్రం మనిషిని నడిమధ్యన నిలబెట్టే అలవాటును మాన్పించడానికి పనికొస్తుంది, అంతకుమించి దానికి శక్తి లేదు. చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేయడం నేర్చుకున్న చెయ్యి కొన్నాళ్లకు చుక్కలు పెట్టకుండానే మెలికలు తిప్పుతుంది, ఎప్పటికీ చుక్కలు లెక్కపెట్టే చేతికి ఆ మెలిక రాదు. పైగా ఈ దీర్ఘచతురస్రపు అసలు బలం మూడో వంతుల్లో లేదు. 3:2 నిష్పత్తిలో ఎడమ అంచున ఒక చతురస్రం, కుడి అంచున ఒక చతురస్రం ఊహించుకుంటే అవి రెండూ మధ్యలో మూడో వంతు మేర ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. ఆ మధ్య భాగంలో ఒకరు, ఏదో ఒక చతురస్రం చివర మరొకరు ఉంటే వారి మధ్య బిగువు కుదురుతుంది. మూల నుంచి మూలకు సాగే కర్ణరేఖ మీద మెట్టు, చెయ్యి, నీడ ఏదైనా పడితే కన్ను దాని వెంట నడుస్తుంది. ఇవేవీ గ్రిడ్ చూపించదు, చూపించినా బజారులో దాన్ని సంప్రదించే తీరిక ఎవరికీ ఉండదు. దానికి బదులు నేను సూచించేది వేరొకటి: సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచే రా ఫైలును, సిద్ధమైన బొమ్మగా దాచే జేపెగ్‌ను కలిపి భద్రపరిచే అమరిక పెట్టుకుని, తెరను నలుపు తెలుపులోకి మార్చుకోవడం. రా ఫైలులో రంగులు పదిలంగా ఉంటాయి, తెర మీద మాత్రం ఆకారాలు, నీడల అంచులు, వెలుగు మచ్చలు రంగుల గందరగోళం లేకుండా కనబడతాయి. లాడ్ బజార్ వంటి చోట, అంటే లక్క గాజుల మెరుపులు ప్రతి అంగుళాన్నీ ఆక్రమించే చోట, ఈ చిన్న మార్పు కంటికి ఎంత విశ్రాంతి ఇస్తుందో వాడిచూస్తే గాని తెలియదు.

దీనికి వ్యూఫైండర్ లేదు. ఈ కెమెరా మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం అదే. కన్ను ఒక చిన్న కిటికీకి ఆనించినప్పుడు ప్రపంచం మిగతాదంతా చీకటైపోయి నాలుగు అంచులే మిగులుతాయి. అంచుల దగ్గర ఏం తెగుతోంది, ఏ మూలలోంచి ఏం చొరబడుతోంది అన్నది అప్పుడు తప్పించుకోలేనంత స్పష్టంగా తెలుస్తుంది. చేయి చాచి మూడంగుళాల తెరను చూసేటప్పుడు ఆ తెర కూడా వీధిలోని వస్తువుల్లో ఒకటైపోతుంది. చూపు తెర మధ్యనే నిలుస్తుంది, అంచులు అలుసైపోతాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో, చార్మినార్ ముందున్న ఖాళీ స్థలంలో, తెర మీద పడే మెరుపు వల్ల ఆ మాత్రం కూడా కనబడదు. కెమెరా పైన తగిలించుకునే ఆప్టికల్ ఫైండర్‌ను రికో విడిగా అమ్ముతుంది. అది అంచుల క్రమశిక్షణను కొంతవరకు తిరిగి తెచ్చిపెడుతుంది గాని, దానికీ లెన్స్‌కూ మధ్య ఎత్తు తేడా ఉండటం వల్ల దగ్గరి వస్తువుల విషయంలో ఫ్రేమ్ కాస్త జరుగుతుంది. పైగా దాన్ని తగిలిస్తే కెమెరా జేబులో పట్టదు. కొన్నదే జేబులో పట్టేందుకు కదా.

తెర చూడకుండా నడుము దగ్గర్నుంచి తీయడం ఈ కెమెరాతో సులువు, ఆ సులువు వల్ల వచ్చే ఫొటోలు చాలావరకు ఒకేలా ఉంటాయి: కింద నుంచి చూసిన గడ్డాలు, వంగిపోయిన భవనాలు, సగం ఆకాశం. మొరియామా ఆ పద్ధతిలో సాధించినది ఆయన దశాబ్దాల సాధన వల్ల, ఒరిగిన అంచును కూడా తన ఇష్టం మేరకు వాడుకునే తెగువ వల్ల సాధ్యమైంది. కెమెరా కొంటే ఆ తెగువ పెట్టెలో రాదు.

28 మిల్లీమీటర్లు చాలా ఎక్కువ వెడల్పు అనిపించేవారి కోసం 2021లో జీఆర్ 3ఎక్స్ వచ్చింది. దాని లెన్స్ 40 మిల్లీమీటర్లకు సమానం. రెండు మీటర్ల దగ్గర అది చూపే వెడల్పు 1.8 మీటర్లే, కాబట్టి ఫ్రేమ్‌లో సర్దవలసిన వస్తువులు తగ్గుతాయి, స్తంభాల వాలు కూడా అంత కనబడదు. ఇద్దరు ముగ్గురు మనుషుల మధ్య చూపులు, చేతుల అమరిక మీద ఆసక్తి ఉన్నవారికి ఇది సరైనది. అందుకు భిన్నంగా, ఒకే ఫ్రేమ్‌లో నాలుగైదు చిన్న కథలు వేరువేరు అరల్లో జరగాలని కోరుకునేవారికి 28 తప్పదు. జైపూర్‌లో పుట్టి భారతదేశపు వీధులను రంగుల్లో తీసిన రఘుబీర్ సింగ్ (1942–1999) ఫొటోల్లో స్తంభాలు, అద్దాలు, కారు కిటికీలు ఫ్రేమ్‌ను గదులుగా విభజిస్తాయి. ఒక్కో గదిలో ఒక్కొక్కరు తమ పని తాము చేసుకుంటుంటారు, అందరికీ కలిపి ఒకే వెలుతురు. లాడ్ బజార్‌లో అద్దాల బీరువా ముందు నిలబడి, గాజులు తొడిగించుకుంటున్న చేతిని ఒక అరలో, అద్దంలో ప్రతిబింబించే వీధిని ఇంకో అరలో ఉంచడానికి ప్రయత్నిస్తే వెడల్పు లెన్స్ విలువ తెలుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి మాత్రం 3ఎక్సే నా సలహా. తక్కువ వస్తువులను సర్దడం వచ్చాకే ఎక్కువ వస్తువుల జోలికి పోవాలి.

జీఆర్ 3లో 35, 50 మిల్లీమీటర్లకు సమానంగా కత్తిరించి చూపే క్రాప్ మోడ్ కూడా ఉంది. 35కి సుమారు 15 మెగాపిక్సెళ్లు, 50కి సుమారు 7 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. ఇంటికొచ్చి కంప్యూటర్ మీద కత్తిరించడానికీ, నిలబడ్డ చోటే తెర మీద అంచులు చూసుకుని కత్తిరించడానికీ తేడా ఉంది, రెండోది కూర్పులో భాగం. కత్తిరింపును ఇష్టపడని బ్రెసాన్ కూడా పారిస్‌లో సాం లజార్ స్టేషన్ వెనక నీటి మడుగు మీద దూకుతున్న మనిషి ఫొటోను కత్తిరించక తప్పలేదు, కంచె సందులోంచి తీయడం వల్ల ఒక పక్క పలక అడ్డొచ్చింది. కాబట్టి ఈ విషయంలో మడి కట్టుకోనక్కర్లేదు గాని, 7 మెగాపిక్సెళ్ల బొమ్మను పెద్ద కాగితం మీద అచ్చువేయాలనుకుంటే ఆశాభంగం తప్పదు.

మిగిలిన విషయాలు క్లుప్తంగా చెబుతాను. చెయ్యి వణికినా బొమ్మ చెదరకుండా సెన్సర్‌కు మూడు అక్షాల స్థిరీకరణ ఉంది, రాత్రి పూట ఖాళీ వీధులకు బాగు, నడిచే మనుషులకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. బ్యాటరీ కంపెనీ లెక్కలోనే సుమారు 200 ఫొటోలకు వస్తుంది, కనుక రెండోది జేబులో ఉండాలి. యూఎస్‌బీ సీ తీగతో ఛార్జి అవుతుంది. అంతకుముందు జీఆర్ 2లో ఉన్న ఫ్లాష్‌ను తీసేశారు. బొటనవేలి కింద వెలుతురు పెంచే తగ్గించే మీట కూడా పోయింది, 2025లో వచ్చిన జీఆర్ 4లో దాన్ని మళ్లీ పెట్టారు. ఆ కొత్తదానిలో లోపలి మెమరీ 2 నుంచి 53 జీబీకి పెరిగింది, లెన్స్ 28 మిల్లీమీటర్లదే, వ్యూఫైండర్ అందులోనూ లేదు. ధూళి, తేమల నుంచి రక్షణ లేని నిర్మాణం ఇది. లెన్స్ లోపలికీ బయటికీ జరిగే ప్రతిసారీ గాలి పీల్చుకుంటుంది కాబట్టి, బేగంబజార్‌లో కారం బస్తాలు దింపే చోట దీన్ని తెరిచేముందు ఒక క్షణం ఆగడం మంచిది.

సెకండ్ హ్యాండ్‌లో జీఆర్ 3 కొనాలనుకునేవారు డబ్బు ఇచ్చే ముందు అపెర్చర్‌ను ఎఫ్ 16కి మూసి, మబ్బులేని ఆకాశాన్నో తెల్లటి గోడనో ఒక ఫొటో తీసి, తెర మీద పెద్దది చేసి నాలుగు మూలలూ చూడాలి. బూడిద రంగు మచ్చలుంటే సెన్సర్ మీద దుమ్ము చేరిందన్నమాట. లెన్స్ విడదీయడానికి వీల్లేని కెమెరా కాబట్టి దాన్ని ఇంట్లో తుడవడం కుదరదు, సర్వీస్ ఖర్చును బేరంలోనే తగ్గించుకోవాలి.